ఫ్లాష్ రేడియోథెరపీ: ఉన్న లినాక్‌లోనే కరెంటు పెంచేస్తే సరిపోదా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఎంఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఫ్లాష్ రేడియోథెరపీలో డోస్ మొత్తాన్ని సెకనులో పదో వంతులో ఇచ్చేస్తారని చదివాను. అంటే డోస్ రేటును వెయ్యి రెట్లు పెంచడమేగా? ఆస్పత్రిలో ఉన్న లినాక్‌లోనే కరెంటు పెంచేస్తే సరిపోదా? కొత్త యాక్సిలరేటర్లు ఎందుకు? ఇన్నేళ్లయినా ఇంకా ట్రయల్స్ దశలోనే ఎందుకుంది? ఈ రంగంలోకి రావాలంటే దేని మీద పని చేయాలి?"

నేను పదిహేనేళ్లుగా మెడికల్ లినాక్‌ల మీద, అంటే ఎలక్ట్రాన్ల వేగం పెంచి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రాల మీద, పని చేస్తున్నాను. అందులో ఈ చివరి ఆరేళ్లూ ఒక పాత మెషీన్‌ను ఫ్లాష్ ప్రయోగాలకు మార్చి, దానితోనే గడిచాయి. దాని కింద రోగులెవరూ పడుకోలేదు. శరీరానికి బదులు పెట్టే నీళ్ల తొట్లు (ఫాంటమ్‌లు), కణాలు పెంచిన డిష్‌లు, అంతే.

సూటిగా చెప్తాను. చర్మానికి దగ్గరగా ఉన్న కణితికి, ఎలక్ట్రాన్లతో అయితే, మీరన్నట్టు కరెంటు పెంచితే నిజంగానే సరిపోతుంది. లోపల ఉన్న కణితికి సరిపోదు, దానికి వేరే యాక్సిలరేటర్ కావాల్సిందే. ఇక కణితి ఎక్కడున్నా సరే, బీమ్ పుట్టించడం కన్నా పుట్టిన బీమ్‌ను లెక్కపెట్టడం, అనుకున్న చోట ఆపడం ఎక్కువ కష్టం. కొత్తవాళ్లు దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. మేమూ వేశాం.

ఫ్లాష్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మామూలు రేడియోథెరపీలో డోస్ రేటు సెకనుకు 0.1 గ్రే చుట్టుపక్కల ఉంటుంది (గ్రే అంటే శరీరం పీల్చుకున్న రేడియేషన్ డోస్‌కు కొలత). దాన్ని సెకనుకు 40 గ్రే దాటిస్తే కణితి మీద ప్రభావం అలాగే ఉండి, చుట్టూ ఉన్న మంచి కణజాలానికి దెబ్బ తగ్గుతోందని 2014లో ఫ్రాన్స్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో విన్సెంట్ ఫావొడాన్ బృందం ఎలుకల ఊపిరితిత్తుల మీద చూపించింది. మామూలు వేగంతో 17 గ్రే ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. అంతే డోస్‌ను ఫ్లాష్ వేగంతో ఇస్తే అలా జరగలేదు. విషయం పూర్తిగా కొత్తదేమీ కాదు. వేగంగా డోస్ ఇస్తే బ్యాక్టీరియా ఎక్కువగా బతుకుతోందని 1959లోనే డ్యూయీ, బోగ్ రాశారు. మధ్యలో యాభై ఏళ్లకు పైగా అది చాలావరకు మూలన పడి ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నలోని లెక్క. 10 సెంటీమీటర్ల చదరపు ఫీల్డ్ మీద 10 గ్రే ఇవ్వాలనుకోండి. ఎలక్ట్రాన్ నీటిలో ఒక సెంటీమీటరు వెళ్తే సుమారు 2 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి వదులుతుంది. దాన్నిబట్టి ఒక గ్రే కావాలంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 300 కోట్ల ఎలక్ట్రాన్లు పడాలి. ఫీల్డ్ మొత్తానికి, 10 గ్రేలకు కలిపి చూస్తే చార్జ్ అర మైక్రోకూలాంబ్. దాన్ని 100 మిల్లీసెకన్లలో పంపితే సగటు కరెంటు 5 మైక్రోఆంపియర్లు. అంతే! దారిలో బీమ్‌ను పరిచే ఫాయిల్‌లోనూ అంచులు కత్తిరించే కాలిమేటర్లలోనూ పోయేది కలిపి నాలుగింతలు వేసుకున్నా 20. అదే లినాక్ ఎక్స్‌రే మోడ్‌లో రోజూ 100 మైక్రోఆంపియర్ల స్థాయిలో నడుస్తుంది. ఎలక్ట్రాన్ మోడ్‌కు మార్చినప్పుడు మాత్రం టార్గెట్ (ఎలక్ట్రాన్లు తాకితే ఎక్స్‌రేలు పుట్టే లోహపు ముక్క) అడ్డం ఉండదు కాబట్టి ఎలక్ట్రాన్లు వదిలే గన్‌ను బాగా తగ్గించేస్తారు. మేము చేసింది ఒక్కటే: ఎక్స్‌రే మోడ్ కరెంటును అలాగే ఉంచి, టార్గెట్‌ను పక్కకు తప్పించాం.

ఈ వాక్యం చదివి ఈ రంగంలో పాతవాళ్లకు ఒళ్లు జలదరించాలి. థెరాక్-25 అనే మెషీన్ వల్ల 1985 నుంచి 1987 మధ్య కనీసం ఆరుగురికి విపరీతమైన డోస్ పడింది, వాళ్లలో కొందరు చనిపోయారు. ఆ ప్రమాదాల్లో కొన్నింటిలో సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల వచ్చిన స్థితి ఇదే: ఎక్స్‌రేకు పెట్టే భారీ కరెంటు, మధ్యలో టార్గెట్ లేదు. ఆ కలయిక ఎప్పటికీ రాకూడదని ఇప్పటి మెషీన్లలో హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు ఉంటాయి. ఫ్లాష్ కోసం మేము వాటిని తెలిసి తెలిసి ఒక్కొక్కటిగా దాటాలి. మెషీన్ మార్పు రెండు రోజుల్లో అయిపోయింది. ఏ ఇంటర్‌లాక్ తీస్తున్నాం, దాని బదులు ఏం పెడుతున్నాం అని రాసి, ఒప్పించి, సంతకాలు తెచ్చుకోవడానికి ఏడు వారాలు పట్టింది. అప్పట్లో విసుక్కున్నాను. ఇప్పుడు ఎవరైనా ఆ ఏడు వారాలు లేకుండా చేస్తామంటే నేనే ఒప్పుకోను.

సరే, ఎలక్ట్రాన్లతో పని అయింది. ఎంత లోతుకు వెళ్తాయి? 6 ఎంఈవీ ఎలక్ట్రాన్ నీటిలో 3 సెంటీమీటర్లు. 20 ఎంఈవీది 10 సెంటీమీటర్లు, అందులో చికిత్సకు పనికొచ్చే లోతు 6 మాత్రమే. అందుకే ఫ్లాష్ అందుకున్న మొదటి మనిషికి చర్మం మీద కణితి. 2018లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ యూనివర్సిటీ ఆస్పత్రిలో, చర్మపు లింఫోమా ఉన్న 75 ఏళ్ల రోగికి 15 గ్రేలను 90 మిల్లీసెకన్లలో ఇచ్చారు. మొత్తం 10 పల్స్‌లు. కంటిరెప్ప ఒకసారి మూసి తెరిచేలోపే అయిపోయినట్టు. ఆపరేషన్ థియేటర్‌లో వాడే చిన్న ఎలక్ట్రాన్ లినాక్‌లను కూడా ఇలాగే ఫ్లాష్‌కు మార్చి వాడుతున్నారు.

లోపలి కణితికి ఎక్స్‌రే వాడదామంటారా? అక్కడ వేడి దెబ్బ కొడుతుంది. 6 ఎంఈవీ బీమ్ టార్గెట్‌ను తాకితే శక్తిలో చాలా భాగం వేడిగానే పోతుంది. 100 మైక్రోఆంపియర్లకు 600 వాట్ల బీమ్, ఒక మీటరు దూరంలో సెకనుకు 0.1 గ్రే. 40 గ్రే కావాలంటే 400 రెట్లు, అంటే 240 కిలోవాట్లు కొన్ని మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ మచ్చ మీద పడాలి. ఆ మచ్చ కరిగి కారిపోతుంది. పైగా అంత బీమ్ నడపడానికి ఆర్ఎఫ్ పవర్, అంటే ఎలక్ట్రాన్లను తోసే రేడియో తరంగాల పవర్, ఏది? ఆ తరంగాలు పుట్టించే మామూలు మాగ్నెట్రాన్ క్షణకాలం 2, 3 మెగావాట్లు ఇచ్చినా సగటున ఇచ్చేది కొద్ది కిలోవాట్లే. బీమ్‌ను అంతటా సమానం చేసే ఫ్లాటెనింగ్ ఫిల్టర్ తీసేసిన 10 ఎంవీ ఎక్స్‌రే బీమ్ ఇప్పుడు ఆస్పత్రుల్లో ఉన్నవాటిలో వేగమైనది. అది నిమిషానికి 24 గ్రే, అంటే సెకనుకు 0.4. ఇంకా వంద రెట్ల దూరం.

దాని మీదా పని జరుగుతోంది. చైనాలోని చెంగ్డూలో సూపర్‌కండక్టింగ్ లినాక్‌తో ఎక్స్‌రే ఫ్లాష్ చేసి ఎలుకల్లో ప్రభావం చూపించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, స్లాక్ యాక్సిలరేటర్ ల్యాబ్ కలిసి చేస్తున్న ఫేజర్ డిజైన్‌లో రోగి చుట్టూ 16 చిన్న యాక్సిలరేటర్లను పెట్టి, గ్యాంట్రీ (మెషీన్‌ను రోగి చుట్టూ తిప్పే చట్రం) తిప్పకుండా ఒకదాని వెంట ఒకటి బీమ్ వదిలేలా చేయాలని ఆలోచన. గ్యాంట్రీ సంగతి మీరు అడగలేదు గానీ అది చిన్న విషయం కాదు. ఇప్పటి చికిత్సలో మెషీన్ రోగి చుట్టూ తిరుగుతూ పలు వైపుల నుంచి డోస్ పోస్తుంది. ఒక చుట్టుకు నిమిషం దాకా పడుతుంది. అర సెకనులో అన్నీ అయిపోవాలంటే తిరగడానికి సమయం ఎక్కడిది? ఒకే దిక్కు నుంచి కొడితే, ఇన్నేళ్లూ కష్టపడి సాధించిన ఆకారపు కచ్చితత్వాన్ని వదులుకోవాలి. ఫ్లాష్ వల్ల వచ్చే లాభం ఈ నష్టాన్ని పూడుస్తుందా అన్నది ఒక్కో కణితికి ఒక్కోలా ఉంటుంది. దీన్ని చాలామంది దాటేస్తారు.

ప్రోటాన్ల గురించి తొందరగా చెప్పేస్తాను, అది నా రోజువారీ పని కాదు. 250 ఎంఈవీ ప్రోటాన్ నీటిలో దాదాపు 38 సెంటీమీటర్లు వెళ్తుంది, కాబట్టి లోతు సమస్య లేదు. చిక్కేమిటంటే, ప్రోటాన్ల వేగం పెంచే సైక్లోట్రాన్ ఒకే శక్తితో బీమ్ ఇస్తుంది. దాన్ని కణితి లోతుకు తగ్గట్టు తగ్గించడానికి మధ్యలో డిగ్రేడర్ పెడితే కరెంటులో చాలా భాగం అక్కడే పోతుంది, ఫ్లాష్ వేగం మిగలదు. అందుకని శక్తి తగ్గించకుండా రోగి శరీరం గుండా అవతలికి దూసుకుపోయేలా కొడతారు. ప్రోటాన్లకు ఉన్న అసలు గొప్ప, అంటే చివర ఆగి అక్కడే డోస్ కుమ్మరించడం, అలా వదులుకున్నట్టే. అమెరికాలోని సిన్సినాటిలో జరిగిన ఫాస్ట్-01 ట్రయల్ ఇలాంటిదే. చేతులు, కాళ్ల ఎముకలకు క్యాన్సర్ పాకిన 10 మందికి ఒకేసారి 8 గ్రే ఇచ్చారు. నొప్పి తగ్గడం, దుష్ప్రభావాలు మామూలు చికిత్సకు దగ్గరగానే వచ్చాయి. ఆస్పత్రిలో ఇది చేయడం సాధ్యమేనని తేలింది, మంచి కణజాలం ఎంత తప్పించుకుంటుందో చూడటానికి పెట్టిన ట్రయల్ కాదది.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మూడో దారి మీద: 100 నుంచి 200 ఎంఈవీ ఎలక్ట్రాన్లు. ఆ శక్తిలో ఎలక్ట్రాన్ 20 సెంటీమీటర్ల లోతుకూ చేరుతుంది. టార్గెట్ అక్కర్లేదు కాబట్టి వేడి గొడవ లేదు. చార్జ్ ఉన్న కణం కాబట్టి అయస్కాంతాలతో ఇష్టమొచ్చిన వైపు తిప్పొచ్చు. మరి ఆస్పత్రి గదిలో పట్టేలా అంత శక్తి ఎలా తేవడం? జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబ్‌లో క్లిక్ అనే భావి కొలైడర్ (కణాలను ఢీకొట్టించే యంత్రం) కోసం, ఎలక్ట్రాన్లను తోసే 12 గిగాహెర్ట్జ్ రాగి కుహరాలను తయారు చేశారు. వాటి లక్ష్యం మీటరుకు 100 మెగావోల్ట్‌లు. అంటే లెక్క ప్రకారం ఒక మీటరు పొడవులో 100 ఎంఈవీ. ఆ టెక్నాలజీతో సెర్న్, లోజాన్ ఆస్పత్రి, థెరిక్ అనే ఫ్రెంచ్ కంపెనీ కలిసి చికిత్స యంత్రం కట్టడానికి 2022లో ఒప్పందం చేసుకున్నాయి.

వినడానికి బాగుంది కదా, చిక్కులు వినండి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కుహరం చిన్నదవుతుంది, మధ్యలో బీమ్ వెళ్లే కంత కొన్ని మిల్లీమీటర్లే. ఫ్లాష్‌కు అందులోంచి ఎక్కువ చార్జ్ పోవాలి. ముందు వెళ్లే ఎలక్ట్రాన్ల గుంపు తన వెనక గోడల్లో ఒక అలజడి వదిలిపోతుంది, అది వెనక వచ్చే గుంపులను పక్కకు తోస్తుంది. పడవ వెనక రేగే అలలో ఇంకో పడవ ఊగినట్టు. ఆ అలజడిని పీల్చేసే పక్క గొట్టాలు ప్రతి కుహరానికీ పెట్టాలి. ఇంకొకటి, ఫీల్డ్ ఎక్కువైతే రాగి ఉపరితలం మీద మెరుపులా స్పార్క్ వచ్చి ఆ పల్స్ పోతుంది. భౌతిక శాస్త్ర ప్రయోగంలో లక్షల్లో ఒక పల్స్ పోతే ఎవరికీ పట్టదు. 10 పల్స్‌ల చికిత్సలో ఒకటి పోతే రోగికి 10 శాతం డోస్ పోయినట్టు. క్లిక్ కోసం పెట్టుకున్న హద్దు మీటరుకు కోటి పల్స్‌లలో మూడు స్పార్క్‌లు. అది చికిత్సకు చాలు. కానీ కొత్త కుహరాన్ని ఆ స్థితికి తేవడానికి ముందు కోట్ల పల్స్‌లు కొట్టి మెల్లగా అలవాటు చేయాలి. పైగా ఈ శక్తికి గది గోడలు మామూలు లినాక్ బంకర్ కన్నా మందంగా ఉండాలి.

ఇక లెక్కపెట్టడం దగ్గరికి వస్తాను.

మామూలు లినాక్‌లో ఒక్కో పల్స్‌కు పడే డోస్ ఒక మిల్లీగ్రే కూడా ఉండదు. 2 గ్రే ఇవ్వాలంటే కొన్ని వేల పల్స్‌లు. ఒకటి ఎక్కువైనా, పది తక్కువైనా తేడా తెలియదు. మెషీన్ తలలో ఉండే అయాన్ చాంబర్ (రేడియేషన్ వల్ల గాలిలో పుట్టే అయాన్లను కొలిచే డబ్బా) మెల్లగా లెక్కేసుకుని, చాలనుకున్నప్పుడు ఆపుతుంది. ఫ్లాష్‌లో ఒక్కో పల్స్‌కు 1 గ్రే. చాంబర్ గాలిలో ఒక్కసారిగా అన్ని అయాన్లు పుడితే, ఎలక్ట్రోడ్ల దాకా చేరకముందే అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చాంబర్ తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకొంచెం ఇద్దామనుకుంటే కొంప మునిగినట్టే.

మా మొదటి రోజు సంగతి చెప్తాను. నీటిలో చాంబర్, దాని పక్కనే అదే లోతులో రేడియోక్రోమిక్ ఫిల్మ్ (రేడియేషన్ పడితే రంగు ముదిరేది) ముక్క. పది పల్స్‌లు కొట్టాం. చాంబర్ 6 గ్రే చూపించింది. కరెంటు తక్కువ పడిందనుకుని గన్ సెట్టింగ్ పెంచాలన్నారు మావాళ్లు. ఫిల్మ్ బయటికి తీస్తే మాత్రం రంగు ఎక్కువ ముదిరినట్టు కనిపించింది. ఆ ఫిల్మ్ రంగు పూర్తిగా స్థిరపడటానికి ఒక రోజు పడుతుంది. రేపటి దాకా ఏదీ ముట్టుకోవద్దని చెప్పి ఇంటికి పోయాం. మర్నాడు స్కాన్ చేస్తే 10 గ్రేకు పైనే. ఆ తర్వాత ఆ చాంబర్‌ను ఫ్లాష్ బీమ్‌లో వాడలేదు. ఫిల్మ్ నిజమే చెబుతుంది, కానీ రేపు చెబుతుంది. బీమ్‌ను ఈ క్షణంలో ఆపడానికి అది పనికిరాదు.

అందుకని బీమ్ చుట్టూ ఉంగరంలా కూర్చునే టొరాయిడ్ పెట్టాం. ఎలక్ట్రాన్లు మధ్యలోంచి పోతే అందులో కరెంటు పుడుతుంది, బీమ్‌కు ఏ అడ్డూ ఉండదు. డోస్‌కు బదులు చార్జ్‌ను కొలుస్తాం, రెండింటి సంబంధాన్ని ముందే ఫిల్మ్‌తో కట్టి ఉంచుకుంటాం. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య మాకు దొరికే సమయం 10 మిల్లీసెకన్లు. ఆలోపు కొలిచి, కూడి, తర్వాతి పల్స్‌కు ట్రిగ్గర్ ఇవ్వాలా వద్దా అని సర్క్యూట్ తేల్చాలి. ఎంత తెలివైన సర్క్యూట్ అయినా ఒక పల్స్‌లో సగం ఇవ్వలేదు. 9 గ్రేనో 10 గ్రేనో, మధ్యలో ఆగడం లేదు.

రెండు పాఠాలు నేర్చుకున్నాం. మొదటిది, లెక్కపెట్టే సర్క్యూట్‌ను మాడ్యులేటర్‌కు (మెషీన్‌కు హై వోల్టేజ్ పల్స్‌లు ఇచ్చే భాగానికి) దూరంగా ఉంచండి. ఒకరోజు పది పల్స్‌లు అడిగితే పదకొండు వచ్చాయి. అందులో థైరట్రాన్ అనే స్విచ్ పడినప్పుడు వచ్చే నాయిస్ కేబుల్‌లోకి ఎక్కి, కౌంటర్ ఒక లెక్క చెరిపేసుకుంది. నీళ్ల తొట్టి కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి రెండు వేర్వేరు కౌంటర్లు, రెండూ ఒప్పుకుంటేనే తర్వాతి పల్స్.

రెండోది, మొదటి పల్స్‌లను నమ్మకండి. స్విచ్ వేసిన వెంటనే ఆర్ఎఫ్ ఫ్రీక్వెన్సీ ఇంకా సర్దుకోదు, మొదటి రెండు మూడు పల్స్‌లు బలహీనంగా వస్తాయి. వేల పల్స్‌ల చికిత్సలో ఇది ఎవరూ చూడరు. మాకు మాత్రం ఆ మూడింటి వల్ల మొత్తంలో 15 శాతం తేడా వచ్చేది. గన్‌ను ఆలస్యంగా వదిలి, అప్పటిదాకా బీమ్ లేకుండా ఆర్ఎఫ్‌ను ఖాళీగా నడిపితే తగ్గింది.

ఈ కొలతల సమస్య మా ఒక్కరిదే కాదు. జర్మనీ జాతీయ కొలమాన సంస్థ పీటీబీ నడిపిన యూహెచ్‌డీ పల్స్ అనే యూరప్ ప్రాజెక్టు 2019లో మొదలైంది, దాని పని మొత్తం ఇదే. గ్రాఫైట్ కెలోరీమీటర్లు, ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ బాగా తగ్గించిన చాంబర్లు, చిన్న వజ్రపు డిటెక్టర్లు ఇప్పుడు బాగా మెరుగయ్యాయి.

ఇక ట్రయల్స్ దశ దాటలేదెందుకని అడిగారు. నా వైపు నుంచి చెప్పాలంటే, ఇంజనీరుకు ఇంతవరకు ఎవరూ సరైన స్పెక్ ఇవ్వలేదు. సెకనుకు 40 గ్రే అనేది సగటు. ఒక్కో పల్స్‌లో ఎంత, పల్స్ లోపల క్షణవేగం ఎంత, మొత్తం ఎన్ని మిల్లీసెకన్లు, వీటిలో ఏది ముఖ్యమో జీవశాస్త్రం వాళ్లు ఇంకా తేల్చలేదు. కణజాలంలోని ఆక్సిజన్ ఒక్కసారిగా ఖర్చయిపోవడమే కారణమని మొదట్లో అనుకున్నారు. కొలిచి చూస్తే అంత ఖర్చవడం లేదని తేలింది. కారణం తెలియకుండా యంత్రం కట్టడమంటే ఎంత వెడల్పు నదో తెలియకుండా వంతెన కట్టడం లాంటిది.

పైగా ఫ్లాష్ అంటే ఏ డోస్ అయినా ఫరవాలేదనే భ్రమ కూడా పోయింది. ముక్కు మీద క్యాన్సర్ ఉన్న పిల్లుల మీద జరిగిన ట్రయల్‌లో ఫ్లాష్‌తో ఒకేసారి పెద్ద డోస్ ఇచ్చారు. ఏడింటిలో మూడు పిల్లులకు నెలల తర్వాత పై దవడ ఎముక చచ్చుబడింది. ట్రయల్ ఆపేసి 2022లో ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు. అలాంటి దెబ్బ తొలి వారాల్లో కనిపించదు. అందుకే మనుషుల్లో నెలలూ ఏళ్లూ ఆగి చూస్తూ, చిన్న అడుగులతో వెళ్తున్నారు. ఇంట్లో రోగి ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట: డాక్టర్ చెప్పిన మామూలు రేడియేషన్‌ను దీని కోసం వాయిదా వేయకండి.

మీరు ఏం చేయాలో చెప్తాను. యాక్సిలరేటర్ డిజైన్ మీద మోజుంటే మంచిదే, కానీ ఆ పని కొద్ది చోట్లే ఉంటుంది. బీమ్ కొలతలు, వేగమైన ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ల కొరత మాత్రం ప్రతి బృందంలోనూ ఉంది. మీ దగ్గర్లో రోగులకు వాడటం ఆపేసిన పాత లినాక్ ఉంటే, అక్కడి ఫిజిసిస్ట్‌ను అడిగి, వాళ్లు పక్కనుండగా, స్విచ్ వేసిన తర్వాత వచ్చే మొదటి ఇరవై టార్గెట్ కరెంటు పల్స్‌లను ఆసిలోస్కోప్‌లో పట్టండి. మెషీన్‌లో ఏదీ మార్చక్కర్లేదు. ఎన్నో పల్స్ దగ్గర ఎత్తు నిలకడగా వస్తోందో చూడండి. ఆ బొమ్మ ఇక్కడ పెడితే, మీ మెషీన్‌లో ఆలస్యం గన్ దగ్గరుందా, ఆర్ఎఫ్ దగ్గరుందా అన్నది చూసి చెప్తాను.